ఏటి పోతాది?

ఆయన సంతాపసభకు కట్టిన ఫ్లెక్సీలో రెండు తప్పులున్నాయి. పేరు కింద 'ప్రముఖ బాలసాహితీవేత్త' అని వేయడం ఒకటి. పత్రిక పేరు మార్చేయడం రెండోది. ఆయన ఏళ్ళ తరబడి ఒంటిచేత్తో నడిపిన ఆ చిన్న పత్రిక పేరు 'మాయదారి'. పోయిన మనిషి ఫొటో పక్కన తిట్టుమాట బాగుండదని నిర్వాహకులకు తోచిందట, దాన్ని శుభ్రంగా 'మాయాలోకం' చేసేశారు. ఆయనే బతికుంటే ఎర్రసిరాతో సరిపెట్టేవాడు కాదు. నిచ్చెన వేయించి ఆ ఫ్లెక్సీ దింపించేవాడు.

విజయనగరంలో ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. ఇంతమంది అభిమానులున్న సంగతి పాపం ఆయనకు తెలియకుండానే పోయాడు. అధ్యక్షులవారు మైకు అందుకుని, "చిన్నారుల లేతమనసుల్లో నీతిబీజాలు నాటిన మహనీయుడు" అన్నారు. చప్పట్లు పడ్డాయి. నేను వెనకవరుసలో కూర్చుని పళ్ళు కొరుక్కున్నాను. 'మాయదారి'లో అచ్చయిన కథల్లో నీతి ఉన్న కథ ఒక్కటి చూపించమనండి, చెవి కోసిస్తాను.

మాయలూ మంత్రాలూ లేనిలోకాలూ అనగానే మనవాళ్ళు పిల్లలకి అనేస్తారు. ఆయనకు అక్కడే ఒళ్ళు మండేది. తన పత్రిక పెళ్ళాంపిల్లలున్నవాళ్ళు చదవడానికని, అప్పుల్లోనూ రోగాల్లోనూ ఉన్నవాళ్ళు చదవడానికని ఆయన పట్టు. ఒకసారి ఎవరో ఉద్యోగస్తుడు చీమా ఏనుగూ కథ పట్టుకొచ్చి, మా అబ్బాయికి రోజూ చెబుతానండీ అన్నాడు.

"సెప్తే నిద్దరోతన్నాడా?" అని అడిగాడు ఈయన.

"వెంటనే నిద్రపోతాడండీ."

"అయితే మీ కథ పని సేస్తన్నాది. మరింక అచ్చెందుకు బాబూ?" అని కాగితాలు వెనక్కి చేతిలో పెట్టేశాడు.

పత్రికకు ఆ పేరు పెట్టడం ఆయన కొంటెతనం. ఒకలా చదివితే మాయకు పోయే దారి. ఇంకోలా చదివితే మనం రోజూ కరెంటునీ, మోకాళ్ళ నొప్పినీ తిట్టుకునే మాట. వాళ్ళావిడ రెండోరకంగానే అనేది. "ఆ మాయదారి పత్రిక కట్టిపెట్టి అన్నానికి రండి" అని ఆవిడ లోపల్నుంచి కేకేస్తే, ఆయన మావైపు తిరిగి, "పేరు సరిగ్గా పలికేది మా ఇంటిదొక్కర్తే" అని మురిసిపోయేవాడు.

పత్రికకు ఆఫీసంటూ లేదు. గంటస్తంభం దగ్గర్నుంచి కొంచెం లోపలికి వెళితే వాళ్ళ తాతలనాటి తాళ్ళకొట్టు ఉండేది. గోనెసంచులు, కొబ్బరితాళ్ళు, నులక, పశువుల పలుపులు. అదే ఆఫీసు. కథ తెచ్చినవాడు ఎంతటివాడైనా గోనెసంచుల బేలు మీదే కూర్చోవాలి. కూర్చున్నాక చాలాసేపు ఆ పీచు మెడలో గుచ్చుకుంటూ ఉంటుంది. ఆ దురద నాకిప్పటికీ గుర్తే. ఎక్కడ గోనెసంచి వాసన తగిలినా నా చెయ్యి మెడమీదికి పోతుంది.

కాగితాలు ముట్టుకునేవాడు కాదు. "అదక్కడెట్టు. కథ సెప్పు" అనేవాడు. చెప్పడం మొదలెట్టగానే కళ్ళు మూసుకునేవాడు. పక్కనున్న కట్టలోంచి కాస్త జనపనార తీసి తొడమీద పెట్టి తాడు పేనడం మొదలెట్టేవాడు. కథ నడిచినంతసేపూ తాడు నడిచేది. చెయ్యి ఆగిందంటే కథ ఆగిందన్నమాట. ఒక్కోసారి చెప్పేవాడు చెప్పుకుపోతూనే ఉండేవాడు, పేనిన తాడు ఈయన వేళ్ళ మధ్య మెల్లగా విడిపోతూ ఉండేది. అది చూస్తూ కథ చెప్పడమంత నరకం ఇంకోటి లేదు.

'ఎలాగో' అన్న మాట ఆయన దగ్గర అనకూడదు. రాకుమారుడు ఎలాగో తప్పించుకున్నాడు, మాంత్రికుడు ఎలాగో తెలుసుకున్నాడు అన్నామో, కళ్ళు తెరిచేవాడు. "ఎలాగో ఏటి? ఆడు ఎలాగో తప్పించుకుంటే మజ్జిన నువ్వెందుకు?" కథంతా అయ్యాక మెలకువ వచ్చింది, అదంతా కల అని ఎవరైనా ముగిస్తే మాత్రం కోపం కూడా వచ్చేది కాదు. అవతలివాడి ముఖంలోకి జాలిగా చూసి, లోపలికెళ్ళి కాళ్ళు కడుక్కునొచ్చేవాడు.

ఇవన్నీ చిన్నవి. ఆయన అసలు ప్రశ్న ఒకటుంది. మంత్రం ఎవరు వేసినా, వరం ఎవరు పొందినా, గాల్లోకి ఎవరు ఎగిరినా, ఆయన అడిగేది ఒక్కటే.

"బాగుంది. దానికి ఆడికి ఏటి పోతాది?"

ఈ మాట సంగతి ఇక్కడివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పొద్దున లేచింది మొదలు దీన్ని అననివాడు లేడు. ఇంకో ఇడ్లీ ఎయ్యించుకో, ఏటి పోతాది? ఓపాలి ఫోన్ సేసి సూడు, ఏటి పోతాది? అంటే పోయేదేమీ లేదనే. దానికి జవాబు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఆయన ఒక్కడే దాన్ని ప్రశ్నగా అడిగి, జవాబు కోసం కూర్చునేవాడు. ఊరికే వచ్చిన మాయ ఆయన పత్రికలోకి రాలేదు. ఎగిరినవాడికి నేల పోవాలి. చావు లేనివాడికి ఏడుపు పోవాలి. ఏమీ పోకపోతే కథ వెనక్కి. మార్కెట్లో ఆకుకూరల మనిషి "ఇంకో కట్ట తీసుకోండి బాబూ, ఏటి పోతాది?" అంటే, నిలబడి నిజంగానే ఆలోచించడం నా కళ్ళతో చూశాను. ఆవిడ విసుక్కుని కట్ట సంచిలో పడేసింది.

మంచివాడని చెప్పను. సభలో ఆ పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మెప్పుదలకు ఆయనంత పిసినారిని నేనెరగను. పాలిటెక్నిక్ చదివే కుర్రాడొకడు మంచుకొండల మీద కోట, నిప్పులు కక్కే రెక్కలపాము, ఏవో నోరు తిరగని పేర్లతో పెద్ద నవలే పట్టుకొచ్చాడు. ముఖంలో ఎంత వెలుగో వాడికి.

"మంచు సూసావా?" అన్నాడు ఈయన.

"లేదండి. సినిమాల్లో..."

"నువ్వు సూసింది పార్వతీపురం రోడ్డు మీద దుమ్ము. ఆ దుమ్ముతో మొదలెట్టు. మంచు సూసినోడు ఆడి మంచు ఆడు రాసుకుంటాడు."

మాట నిజమే. కానీ ఆ కుర్రాడు మళ్ళీ కొట్టుమెట్లు ఎక్కలేదు. తర్వాతెప్పుడో ఫోన్లు బాగుచేసే దుకాణంలో కనిపిస్తే, కథలు రాస్తున్నావా అని అడిగాను. వాడు నా ఫోను వెనకమూత విప్పుతూ, "ఆయన బాగున్నారాండీ?" అన్నాడు. అంతే. ఆ బేలు మీద కూర్చుని లేచినవాళ్ళలో రాసేవాళ్ళకన్నా మానేసినవాళ్ళే ఎక్కువ. ఇదీ ఎవరో ఒకరు మైకులో చెప్పాల్సింది.

నేను సాలూరు నుంచి వచ్చేదాన్ని. లారీ బుకింగ్ ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం నాది. మొదటిసారి రాకుమారి కథ ఒకటి చెప్పాను. తెల్లగుర్రం, ఏడు సముద్రాలు, అన్నీ ఉన్నాయి.

"మీ రాకుమారికి ఆకలెయ్యదేటి?" అన్నాడు.

ఆకలి ఎక్కడైనా రాశానేమోనని పక్కన పెట్టిన కాగితాలు తిరగేశాను.

"మీ నాన్న ఏటి సేస్తాడు?"

"లారీ డ్రైవరండి. ఘాటీ ఎక్కి కోరాపుట్ మీదుగా రాయపూర్ వైపు తోల్తాడు."

"ఇంట్లో లారీ ఎట్టుకుని గుర్రాలెందుకే పిల్లా?"

బస్సులో ఇంటికి వచ్చేదాకా తిట్టుకున్నాను. గజపతినగరం దాటాక ఏడ్చాను కూడా. కానీ లారీ కథ రాశాను.

ఆ కథ ఇది. ఘాటీ రోడ్డులో ఒక మలుపు దగ్గర కొండ ప్రతి డ్రైవరునీ సుంకం అడుగుతుంది. డబ్బు కాదు, మాట. ఒక మాట కొండకి ఇచ్చేస్తే బండి క్షేమంగా దాటుతుంది. ఇచ్చిన మాట మళ్ళీ ఆ డ్రైవరు నోట పలకదు. తెలివైనవాళ్ళు ముందు అక్కర్లేని మాటలు ఇస్తారు. నెమలి, పల్లకి, కిరీటం. తర్వాత తిట్లు ఇస్తారు. అవీ అయిపోతాయి. మా డ్రైవరు ఇంటికొచ్చిన ప్రతిసారీ ఇంకాస్త తక్కువ మాట్లాడతాడు. చివరికి ఒకరోజు వానలో, బండినిండా సరుకుతో, అతని దగ్గర ఇవ్వడానికి ఒక్క మాటే మిగులుతుంది. ఇంటికొస్తాడు. కూతురు వీధిలో ఆడుకుంటూ ఉంటుంది. గుమ్మంలో నిలబడి నోరు తెరుస్తాడు. పేరు రాదు.

ఇది చెబుతున్నంతసేపూ ఆయన చెయ్యి ఆగలేదు. అయ్యాక తాడు రెండు కొసలూ పట్టుకుని గట్టిగా లాగి చూశాడు. తెగలేదు. "ఏస్తాను" అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకన్నా పెద్ద పొగడ్త నేనెప్పుడూ వినలేదు.

వేస్తానన్నాడు గానీ వెంటనే వేయలేదు. ఆ మాటలన్నీ కొండ ఏం చేసుకుంటుంది అన్నాడు. రాసి తెచ్చాను. క్లీనర్ మాట ఇవ్వక్కర్లేదా అన్నాడు. అదీ రాశాను. ఈలోపు మా ఇంట్లో ఇంకో కథ మొదలైంది. నాన్నకి ఒంట్లో బాగుండటం లేదు. స్టీరింగు వదిలేసి మంచం పట్టాడు. తన మీద కథ రాశానని అమ్మ చెప్పేసింది. చదివి వినిపిస్తానంటే ఒప్పుకోలేదు.

"నా మీద రాసింది నువ్వు నా ఎదురుగా సదివితే, నాను ఏ మొకం ఎట్టుకుని ఇనాలి? అచ్చులో రానీ. కూడబలుక్కుని నానే సదూకుంటాను" అన్నాడు.

అప్పట్నించి నేను విజయనగరం వెళ్ళొచ్చిన ప్రతిసారీ నాన్న అడిగేది ఒకటే. "అచ్చయిందేటి?"

ఆ రోజుల్లోనే ఒక పెద్ద దినపత్రిక ఆదివారం అనుబంధం నుంచి ఫోనొచ్చింది. నా స్నేహితురాలొకతె నాకు చెప్పకుండా కథ పంపింది. వాళ్ళకి నచ్చింది. వచ్చే నెలలోనే వేస్తారు. చివర ఒక్కటి మార్చాలి. డ్రైవరు ఘాటీ దిగగానే కొండ కరుణించి మాటలన్నీ తిరిగి ఇచ్చేయాలి, కూతుర్ని పేరు పెట్టి పిలవాలి. ఆదివారంపూట పాఠకులని ఏడిపించడం ఎందుకమ్మా అన్నారు. ఆ ఆదివారం పుస్తకం సాలూరు లారీ స్టాండులో ప్రతి టీకొట్టు బల్లమీదా ఉంటుంది. నాన్న చేతికీ వస్తుంది.

పరుగెత్తుకుంటూ ఆయన దగ్గరికి వచ్చాను. బేలు మీద కూర్చుని అంతా చెప్పాను. నాన్న సంగతి కూడా. ఎప్పట్లాగే కళ్ళు మూసుకుని విన్నాడు. ఒళ్ళో నార ఉంది గానీ పేనడం లేదు. నార తీసి పక్కన పెట్టి అన్నాడు.

"ఆళ్ళకిచ్చీ. ఏటి పోతాది?"

నేనాయన శిష్యురాలిని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆలోచించాను. కొండ తిరిగి ఇచ్చేస్తే అది కొండ కాదు. పోయింది తిరిగొచ్చేస్తే మా నాన్న అన్నేళ్ళు నోరు కట్టుకుని బతికిందంతా ఉత్తదైపోతుంది. కథే పోతుంది.

"పోతాది బాబాయ్" అన్నాను గర్వంగా. "ఇవ్వను. మీరే వెయ్యండి."

ఆయన కళ్ళు తెరిచాడు. నా వైపు చూశాడు గానీ, చూపు నా భుజం పక్కనుంచి పోయింది. బేరగాడెవరో వచ్చాడేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. "నీ ఇష్టం" అన్నాడు. పరీక్ష నెగ్గినదానిలా సాలూరు బస్సెక్కాను.

ఆ తర్వాత 'మాయదారి' రాలేదు. వచ్చే సంచిక అన్నాడు, అచ్చాఫీసు అన్నాడు, వానలన్నాడు. నాన్న కొన్నాళ్ళు అడిగాడు. తర్వాత నా ముఖం చూసి అడగడం మానేశాడు. ఆ వానాకాలంలోనే పోయాడు. కథ నా సొరుగులోనే ఉంది. కార్యం అయ్యాక ఒకసారి కొట్టుకి వెళ్ళాను, ఆయన్ని నాలుగు మాటలు అని రావాలని. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి చూడబుద్ధి కాలేదు. మళ్ళీ ఆ వీధికి వెళ్ళలేదు. ఆయన పోయిన కబురు ఫోనులోనే తెలిసింది.

సభ అయ్యాక అందరూ టీ చుట్టూ మూగారు. ముందువరుసలో వాళ్ళావిడ ఒక్కతే కూర్చుని ఉంది. దగ్గరికి వెళితే చెయ్యి పట్టుకుంది.

"సాలూరు పిల్లవి కదూ? లారీ కథ."

"అవును పిన్నీ."

"మీ నాన్న సదివేడా మరి? ఆదివారం దాన్లో?"

"ఇవ్వలేదు పిన్నీ. బాబాయే వేస్తారని ఉంచాను."

ఆవిడ నా చెయ్యి వదల్లేదు. "ఆయనేటి ఎయ్యగలడమ్మా? సుగరుకి కళ్ళు పోనాయి కదా. ఆదివారం దాని సంగతి సెప్పడానికి నువ్వొచ్చేనాటికే అచ్చరం కనపడ్డం మానీసింది. కళ్ళు మూసుకు కూకోడం ముందునించీ అలవాటే గదా, మీకెవులికీ తెల్దు. ప్రూపులు ఇంకొకలు సూడ్డం ఆయన పడనిస్తాడా? పత్రిక అయిపోనాదని నాకు సెప్పీసేడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఆరోజు ఇంటికొచ్చి నీ మాటే. ఆళ్ళ నాన్న సదూకుంటాడు, ఇచ్చీ, ఏటి పోతాది అని సెప్పినాను, ఆ సాలూరు గుంట ఇననేదు అన్నాడు. మీరే ఎయ్యండి అన్నావట గదా నువ్వు? ఎంత మురిసిపోనాడో. మురిసిపోయి, రెండు ముద్దలైనా తిన్నేదు."

అంటే ఆయన ఆ రోజు మామూలు మనిషిలా మాట్లాడాడు. ఏనాడూ ప్రశ్నగా తప్ప అనని మనిషి, ఆ ఒక్కరోజు జిల్లా అంతా అనేట్టు అన్నాడు. ఇచ్చెయ్యమ్మా, పోయేదేముంది అని. నేను దాన్ని పాఠం అనుకున్నాను. సరే, నాది పొరపాటే అనుకుందాం. నేను పొరబడ్డానని ఆయనకి తెలుసు కదా. 'అది ప్రశ్న కాదే పిల్లా' అని ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు. కళ్ళు పోయాయని చెప్పుకోవడానికి నామోషీ, శిష్యురాలు తనని కాదని పెద్ద పత్రికకి వెళ్ళలేదని మురిపెం. ఆ రెంటి మధ్యా మా నాన్న చదువుకోకుండా పోయాడు. నాకు ఆయన మీద జాలి రావాల్సింది. రాలేదు. కోపమే వచ్చింది, ఇప్పటికీ అదే ఉంది.

టీ కప్పుతో అధ్యక్షులవారు వచ్చారు. మైకు దగ్గర ఉన్న భాష అక్కడే వదిలేసినట్టున్నారు.

"నువ్వూ రాస్తావటమ్మా? ఆయన పేరుమీద పిల్లల కథల పుస్తకం ఏస్తన్నాం. ఆ లారీ కథ సంగతి ఎవరో సెప్పేరు. ఇచ్చీ మరి. పిల్లలు సదివేది కదా, సివర్లో ఆ డ్రైవరుకి మాటొచ్చీసినట్టు రాసీ. ఏటి పోతాది?"

అధ్యక్షులవారు ఊరికే అన్నారు, అందరూ అనేట్టే. నవ్వి, అలాగేనండీ అనేస్తే అయిపోయేది. నా పక్కన ఎవరున్నా అదే చేసేవారు. నాకు మాత్రం ఆ మాట ఇంక మామూలుగా వినపడదు. మామూలుగా అనడమూ చేతకాదు.

"మా నాన్న పోతాడండీ" అన్నాను.

"అయ్యయ్యో" అన్నారాయన, కప్పు కింద పెట్టేసి. "ఏ ఆస్పత్రిలో ఏసేరమ్మా?"